పదమూడో ఎత్తు

చదరంగం బల్ల మీద రెండు గళ్లలో ఎర్ర దీపాలు వెలిగాయి. యంత్రం తన మంత్రిని ఎక్కణ్నుంచి ఎక్కడికి జరపాలో చెబుతోంది. జరపడానికి దానికి చేతులు లేవు కనుక ఆ చాకిరీ కూడా మాస్టారే చెయ్యాలి. ఆయన నల్ల మంత్రిని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి, తన తెల్ల బంటును తీసి పక్కన పడేసి, ఆ గడిలో నొక్కారు. టిక్కుమంది.

"తినవే తల్లీ, తిను," అన్నారు.

నిన్న రెండుసార్లు, ఇవాళ పొద్దున ఒకసారి ఇదే మంత్రి ఇదే పదమూడో ఎత్తులో ఇదే బంటును తిని చచ్చింది. ఇది నాలుగోసారి. మాస్టారు తన గుర్రాన్ని వెనక్కి తీసి, అది పుట్టిన గడిలోనే నిలబెట్టారు. చూసేవాళ్లకు ముసలాయన భయపడి తోక ముడిచాడనిపిస్తుంది. కానీ ఆ గుర్రం వెనక్కి రావడంతో మంత్రి తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఇంకో ఆరెత్తుల్లో దానికి నిలబడ్డానికి గడి ఉండదు. లోకమంతా ఆ బంటు ఉచితమనుకుంటుంది. కాదని తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ ఈ రహస్యాన్ని పద్దెనిమిదేళ్లు జేబులో పెట్టుకుని తిరిగాడు. క్లబ్బులో తనకు పోటీగా ఆడే ఒక బ్యాంకు మేనేజరు మీద వాడాలని దాచాడు. ఆ మేనేజరు ఈ దారిలోకి రాకుండానే ఆట మానేశాడు. చివరికి ఇలా, బ్యాటరీలతో నడిచే అట్టపెట్టె మీద ఖర్చు చెయ్యాల్సి వచ్చింది.

ఇప్పుడు బల్ల అంచున పచ్చదీపం మిణుకుమిణుకుమంటోంది. అంటే యంత్రం మొదటిసారి ఆలోచిస్తోందన్నమాట. అంతవరకు ఆలోచించలేదు. పదమూడు ఎత్తులూ జాబితాలో చూసి టకటకా ఆడేసింది. ఏ ఎత్తుకు ఏ ఎత్తు వెయ్యాలో ముందే ఎక్కించిపెట్టిన ఆ జాబితానే ఆఫీసులో అందరూ పుస్తకం అంటారు. పుస్తకం అయిపోయాకే దాని బుర్ర పనిచెయ్యడం మొదలవుతుంది. ఈ ఆటలో ఆ బుర్ర కదిలేసరికి మంత్రి ఎలాగూ బోనులో ఉంటుంది.

మాస్టారు లేచి ఒళ్లు విరుచుకున్నారు. మేడ మీద పొడుగాటి గది. ఒక గోడ పొడవునా అమ్ముడుపోని నీళ్ల ఫిల్టర్ల డబ్బాలు చూరుదాకా పేర్చి ఉన్నాయి. గది చివర చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఇంజనీరు. కిటికీ దగ్గర, పాత చదరంగం పత్రికల కట్టల మధ్య, పుస్తకం తయారుచేసే ఆవిడ. యాభై దాటి ఉంటుంది. చెక్క స్కేలు ఒకటి అచ్చు వరస కింద పెట్టుకుని, చదివిన ఎత్తును కంప్యూటర్లో కొట్టి, స్కేలును ఒక వరస కిందికి దించుతుంది. నాలుగు నెలలుగా మాస్టారు ఈ గదికి వస్తున్నారు. ఆ స్కేలు దిగడం తప్ప ఆవిడ చేసిన పని ఇంకోటి చూడలేదు.

"ఏమ్మా, మీ పుస్తకం మళ్లీ గడ్డి కరిచింది," అన్నారు గదంతా వినపడేలా.

"చూశానండీ," అంది ఆవిడ తలెత్తకుండా.

"చూసి?"

"ఆ ఒక్క చోటే మారిస్తే సరిపోతుంది కదండీ."

"ఎక్కడో తెలుసా మీకు?"

"పదమూడో ఎత్తు."

మాస్టారుకు కొంచెం ఆశ్చర్యం వేసింది. దాన్ని వెటకారంగా మార్చుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. "తెలిసి కూడా ఎందుకు పెట్టారు మరి?"

ఆవిడ స్కేలు మీద చెయ్యి అలాగే ఉంచి ఆయన వంక చూసింది. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే చూసింది. "అచ్చులో ఉందండీ," అంది.

"అచ్చులో ఉందిట!" అన్నారు మాస్టారు ఇంజనీరు వైపు తిరిగి. ఇంజనీరు చెవులు మూసుకుపోయి ఉన్నాయి కనుక నవ్వలేదు. ఆ నవ్వు కూడా మాస్టారే నవ్వుకోవలసి వచ్చింది.

అంతలో బావమరిది వచ్చాడు. మాస్టారు భార్యకు తమ్ముడు, ఈ గదికి, కింద గోడౌనుకు, గోడ పొడవునా ఉన్న ఫిల్టర్లకు యజమాని. ఆ ఫిల్టర్లు మురికినీళ్లను మురికిగానే వదిలేవి. అవి అమ్ముడుపోకపోవడంతో ఇప్పుడు చదరంగం బల్లలు మొదలుపెట్టాడు. గుర్రం ఎటు దూకుతుందో అతనికి ఇప్పటికీ తెలియదు. కనుక్కోవాలన్న కోరికా లేదు.

"ఎంతవరకు వచ్చింది బావగారూ?"

"పుస్తకంతో ఎనిమిదీ అయిపోయినట్టే. తెల్లతో ఆడిన నాలుగూ నేనే గెలిచాను. నల్లతో రెండు సమానం, రెండు పోయాయి. ఎనిమిదింట అయిదు నావి, మూడు దానివి."

"అబ్బో. అంటే మన బల్ల ఓడిపోతోందా?"

"బల్ల కాదయ్యా, పుస్తకం. బట్టీ పట్టినవాడిని పరీక్షలో ప్రశ్న తిప్పి అడిగితే ఎలా ఉంటుంది? అదీ సంగతి."

మాట అన్నది బావమరిదితో. వినాల్సింది కిటికీ దగ్గర మనిషి. ఆవిడ స్కేలు ఇంకో వరస కిందికి దిగింది.

"కొనేది మనుషులు కదా," అన్నాడు బావమరిది. "మనిషి మీద బలంగా ఉండాలి. రేపు, ఎల్లుండి పుస్తకం తీసేసి ఆడండి. లెక్క ఎలా వస్తే అలా చేద్దాం. నాకు లెక్క కావాలి, అంతే."

బుధవారం ఇంజనీరు పుస్తకాన్ని తీసేశాడు. తీసెయ్యడమంటే ఒక బొత్తాం నొక్కడం. నాలుగు నెలల పని అలా పోయిందని మాస్టారు గమనించారు, లోపల్లోపల సంతోషించారు కూడా.

పుస్తకం లేని యంత్రం మొదటి ఎత్తుకే ఇరవై సెకన్లు తీసుకుంది. రెండో ఎత్తుకు అంచున ఉన్న బంటును, ఏ కారణమూ లేకుండా, ఒక గడి ముందుకు తోసింది. ఇంటింటికీ వెళ్లి పిల్లలకు ఆట నేర్పే మాస్టారుకు ఆ ఎత్తు బాగా తెలుసు. రెండో పాఠంలో పిల్లలు వేస్తారు, ఆయన వాళ్ల వేళ్ల మీద పెన్సిలుతో కొడతారు. ఇక్కడ కొట్టడానికి వేళ్లు లేవు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, పిల్లకాయతో ఆడినట్టు ఆడారు.

ముప్పయ్యో ఎత్తు దగ్గర ఆయన కాళ్లు రెండూ నేల మీద ఉన్నాయి. ముప్పయ్యెనిమిదో ఎత్తు దగ్గర మోచేతులు బల్ల మీద ఉన్నాయి. నలభై నాలుగో ఎత్తుకు ఆయన వంతు సమయం అయిపోయి గడియారంలో ఎర్రజెండా పడింది, ఆట పోయింది. ఆ అంచు బంటు చివర్లో దేనికి పనికొచ్చిందో ఆయనకు అర్థమైంది. అర్థమైనందుకు ఒళ్లు మండింది.

"పిచ్చి ఎత్తులు వేస్తోందయ్యా ఇది," అన్నారు.

ఇంజనీరు ఒక చెవి మీది హెడ్‌ఫోన్ జరిపాడు. "అవును సార్. దానికి మనవాళ్ల ఆటలేవీ తెలియవు. అందుకే మీకు తెలిసినవీ పనికిరావు."

ఆ సాయంత్రం ఇంట్లో, మాస్టారు భార్య మిషను మీద కర్టెన్లు కుడుతోంది. నేలంతా బూడిదరంగు గుడ్డ పరుచుకుని ఉంది. మాస్టారు దాని మీద కాలు పడకుండా గోడవారగా నడిచి కుర్చీ చేరుకున్నారు.

"ఇవాళా గెలిచారా?" అంది భార్య దారం కొరుకుతూ.

"ఓడాను."

"ఎవరి మీద?"

"ఎవరి మీదేమిటి, ఆ డబ్బా మీద."

"మా తమ్ముడి డబ్బా మీదా?" ఆవిడ మొహం వికసించింది. "పోన్లెండి. వాడు చేసినవాటిల్లో ఒక్కటన్నా పనిచేసింది."

ఈ కుటుంబంలో బుర్ర ఎవరికీ లేదని మాస్టారుకు పెళ్లయిన వారానికే తెలిసిపోయింది.

"ఆ కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ ఎలా ఉంది?" అంది భార్య. "మొన్న తమ్ముణ్ని చూడ్డానికి వచ్చినప్పుడు పాపం ఒంటరిగా అన్నం తింటోంది. పక్కన కూర్చున్నా. భలే మాటకారి."

"మాటకారా? ఆవిడా? అచ్చులో ఉందంటుంది, అంతకుమించి మాట రాదు."

"మీతో ఏం మాట్లాడుతుందిలెండి," అంది భార్య, మిషను మళ్లీ తొక్కుతూ.

గురువారం మధ్యాహ్నానికి లెక్క తేలింది. పుస్తకం లేకుండా ఎనిమిది ఆటలు. మాస్టారుకు వచ్చింది రెండున్నర. యంత్రానికి అయిదున్నర. బావమరిది రెండంకెలనూ తెల్లకాగితం మీద పెద్దగా రాసి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"పుస్తకం ఉంటే మూడు. లేకపోతే అయిదున్నర. దాదాపు రెట్టింపు కదా బావగారూ?"

"అంకె అదే."

అంకె అదే గానీ సంగతి అది కాదని మాస్టారుకు తెలుసు. ఆయన గెలిచిన నాలుగు ఆటలూ నిజానికి ఒకే ఆట. ఒకే కన్నంలోంచి నాలుగుసార్లు దూరారు. నల్లతో ఆడినప్పుడు ఆ పుస్తకమే ఆయన్ని పదిహేనో ఎత్తుకల్లా ఊపిరాడకుండా చేసింది. యంత్రం క్షణం ఖర్చుపెట్టకుండా ఎత్తు మీద ఎత్తు వేస్తుంటే తన గడియారంలో నిమిషాలు ఎలా కారిపోయాయో ఆయన మరిచిపోలేదు. అదంతా చెప్పొచ్చు. కానీ చెప్పాలంటే తను గెలిచిన గెలుపుల్ని తనే తక్కువ చేసుకోవాలి. ఆయన కాయల్ని పెట్టెలోకి బోర్లించేశారు.

"అయితే పుస్తకం తీసేద్దాం," అన్నాడు బావమరిది. గొంతు తగ్గించడం అతనికి తెలియదు. "ఆవిడ శనివారం దాకా ఉంటుంది. డబ్బాల డిజైను కూడా శనివారమే ప్రెస్సుకి పోవాలి. మీరొక పని చెయ్యండి బావగారూ. తప్పు ఎక్కడుందో చూసి రెండు ముక్కలు రాసివ్వండి. ఊరికే తీసేశారని రేపు ఎవరూ అనకుండా."

కిటికీ దగ్గర స్కేలు ఆగింది. తర్వాత ఒక వరస కిందికి దిగింది.

ఆవిడ భోజనానికి వెళ్లాక ఇంజనీరు పుస్తకం తాలూకు పట్టిక తెరిచి మాస్టారుకు చూపించాడు. ఒక్కో ఎత్తుకు ఒక్కో వరస. వరస చివర ఆ ఎత్తు ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంది, ఏ పత్రిక, ఏ సంచిక, ఏ పేజీ. వేల వరసలు. ఒక్కదాంట్లోనూ అక్షరం అటూ ఇటూ కాలేదు. మాస్టారు తప్పుకోసం వెతికే కళ్లతో నాలుగైదు పేజీలు తిప్పి చూశారు, దొరకలేదు.

"పదమూడో ఎత్తు ఇదిగో సార్," అన్నాడు ఇంజనీరు. "మొదటి ఎంపికగా పెట్టారు. పక్కన పెద్ద నోటు కూడా ఉంది. ఇంత పెద్ద నోటు ఇంకెక్కడా లేదు."

మాస్టారు కళ్లజోడు సరిచేసుకుని చదివారు.

'చదరంగం క్లబ్బు త్రైమాసిక పత్రిక, పదకొండో సంచిక, ఇరవై మూడో పేజీ. బంటును మంత్రితో నిశ్చింతగా కొట్టవచ్చని విశ్లేషకుల అభిప్రాయం, ఆశ్చర్యార్థకంతో సహా. గుర్రం వెనక్కి వస్తే మంత్రికి దారి లేదేమోనని అప్పట్లో ప్రూఫుల మీద అడిగాను. అక్షరాలు మీరు చూసుకోండి, ఆట నేను చూసుకుంటాను అని జవాబు వచ్చింది. కనుక ఉన్నది ఉన్నట్టే ఉంచాను.'

విశ్లేషకుడి పేరు కింద ఉంది. అది మాస్టారు పేరు.

ఆయన దాన్ని రెండోసారి చదవలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. ప్రూఫు కాగితానికి గుండుసూదితో గుచ్చి వచ్చిన గులాబీరంగు చీటీ ఆయన కళ్ల ముందుకు వచ్చింది. నిండా గుండ్రటి అక్షరాలు. ప్రెస్సులో కూర్చుని కామాలు దిద్దుకునే మనిషి, తను ఎవరికీ చెప్పకుండా దాచిన ఎత్తును, ఒక్కసారి చదవగానే పట్టేసింది. ఆ భయంలో, ఆ కోపంలో, జవాబు రాసి కింద రెండు గీతలు గీశారు. ఆట అన్న మాట కింద.

"ఏమన్నా రాసివ్వాలా సార్?" అన్నాడు ఇంజనీరు. "ఇంకో సంగతి. పుస్తకం తీసేసి సరిగ్గా ఆ స్థితి పెట్టి చూశా. నలభై సెకన్లు ఆలోచించి, ఆ బంటును ముట్టుకోలేదు. పుస్తకం ఉంటే మాత్రం ఆలోచించదుగా. ఎవరో పెద్దమనిషి కొట్టొచ్చన్నాడని నమ్మి కొట్టేస్తుంది."

"ఇంటికెళ్తున్నాను," అన్నారు మాస్టారు.

శుక్రవారం ఆయన అందరికంటే ముందు వచ్చారు. అందరికంటే ముందంటే ఆవిడకంటే తర్వాత. ఆవిడ అప్పటికే పత్రికల కట్టలు తాళ్లతో కడుతోంది. మాస్టారు కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నారు. ఆ వైపు కూర్చోవడం అదే మొదటిసారి.

"నా పత్రిక ప్రూఫులు చూసింది మీరేనా?"

"పత్రిక క్లబ్బుదండీ. ప్రూఫులు నేనే."

"నన్ను చూడగానే గుర్తుపట్టారా?"

"మొదటిరోజే."

"మరి చెప్పొచ్చు కదమ్మా! నాలుగు నెలలు. మొన్న నేను నాలుగుసార్లు అదే ఆట ఆడుతుంటే, నోటికొచ్చింది అంటుంటే, ఒక్క మాట."

ఆవిడ తాడు ముడి బిగించి, మిగిలిన కొసను కత్తిరించింది. "చెబితే మీరేమంటారో ఒకసారి విన్నానుగా," అంది.

ఎదుటివాళ్ల తెలివితక్కువతనం మీద మాస్టారు దగ్గర ఎప్పుడూ నాలుగు మాటలు సిద్ధంగా ఉండేవి. ఆ నాలుగింట్లో ఒక్కటీ ఇప్పుడు పనికి రాలేదు. పనికొచ్చేవి తన మీదే పనికొస్తాయని తోచింది.

"మీరు ఆడతారా?" అన్నారు చివరికి.

"ఆడనండీ. చదువుతాను."

"అయితే మీకు తెలిసి కూడా తప్పును అలాగే..."

"అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించమన్నారు. అనుమానముంటే పక్కన రాసిపెట్టమన్నారు. రాసిపెట్టాను. ఎవరూ చదవలేదు." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే మాస్టారుకు తేలికగా ఉండేది. "రాసినవాళ్ల మాట మనం మార్చకూడదండీ. అడగొచ్చు. అడిగాక ఏమంటే అదే ఉంచాలి. మా పనిలో అంతే."

"ఇప్పుడు మారుస్తాను," అన్నారు మాస్టారు. "ఏం మార్చమంటారు?"

"మీరే చెప్పాలి."

ఆయన బల్ల మీద ఆ స్థితి పేర్చారు. మంత్రి బంటును కొట్టకపోతే ఇంకేం చెయ్యాలో చూశారు. పద్దెనిమిదేళ్లుగా ఆయన చూసింది మంత్రిని పట్టుకోవడం గురించే. దాన్ని కాపాడడం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక ఎత్తు వేసి వెనక్కి తీశారు. ఇంకోటి వేశారు, అదీ తీశారు. ఇంజనీరు వచ్చి, హెడ్‌ఫోన్లు తగిలించుకోబోయి, మెడలోనే ఉంచుకున్నాడు.

"నల్లగుర్రాన్ని మధ్యలోకి తెస్తేనో?" అంది ఆవిడ. స్కేలు చివరతో గడిని చూపించింది, ముట్టుకోలేదు. "బంటు పోయేదేం కాదు కదండీ. అక్కడే ఉంటుంది. మంత్రి ఇల్లు వదిలి పోనక్కర్లేదు."

మాస్టారు ఆ గడివంక చాలాసేపు చూశారు. చూసినకొద్దీ తన తెల్లకాయలు ఒక్కొక్కటే పనిలేకుండా అయిపోవడం కనిపించింది.

"పెట్టవయ్యా," అన్నారు ఇంజనీరుతో. "అది పెట్టి నాలుగు ఆటలు తెల్లతో మళ్లీ ఆడతాను."

పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు. పదమూడో ఎత్తులో దీపాలు గుర్రం గళ్లలో వెలిగాయి. మాస్టారు తన చేత్తో ఆ గుర్రాన్ని తెచ్చి మధ్యలో నొక్కారు. టిక్కుమంది. ఆ తర్వాత ఆయన ఒక్కో ఆటలో ఒక్కో దారి తొక్కారు. కావాలని ఓడలేదు. ఓడిపోదామన్నంత మంచితనం ఆయనలో లేదు. ముందు రోజులకంటే గట్టిగానే ఆడారు, చొక్కా వీపుకు అంటుకునేలా ఆడారు. మూడు పోయాయి. ఒకటి చావుతప్పి సమానమైంది.

నాలుగో ఆట అయ్యాక కాయల్ని ఎప్పటిలా బోర్లించకుండా ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దారు. కిటికీ దగ్గర ఆవిడ ఆఖరి కట్టకు తాడు చుడుతోంది. ఈ గదిలో తనను ఓడించగలిగిన మనిషి ఒకరున్నారనీ, ఆ మనిషి పద్దెనిమిదేళ్ల కిందటే ఓడించేసిందనీ మాస్టారుకు తెలిసింది. తెలిసిన సంగతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

శనివారం పొద్దున బావమరిది కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ వచ్చాడు. మాస్టారు నిలబడే ఉన్నారు.

"లెక్క మారింది," అన్నారు. "ఒక్క ఎత్తు దిద్ది తెల్లతో నాలుగూ మళ్లీ ఆడాం. నల్లతో ఆడిన పాతవి కలిపితే, పుస్తకంతో ఇప్పుడు ఎనిమిదింట ఆరున్నర దానివి. పుస్తకం లేకపోతే అయిదున్నర. పుస్తకం ఉంటేనే మనిషి మీద బలం. గడియారం కూడా కలిసొస్తుంది. ఆ తప్పు ఆవిడది కాదు. నాది. నేను కావాలని తప్పు రాసి అచ్చేయించాను. ఆవిడ అప్పుడే పట్టుకుంది, నేను నోరు మూయించాను."

ఇంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ తనకు వ్యతిరేకంగా మాట్లాడలేదు. అయ్యేసరికి చెవులు వేడెక్కాయి.

బావమరిది నవ్వాడు. "మీది, ఆవిడదీ అని ఏముంది బావగారూ, అయిపోయిందిగా. ఆరున్నరా? భేష్. అయితే పుస్తకం ఉంచుదాం."

"ఆవిడని కూడా."

"ఆవిడనా? ఎందుకు? పుస్తకం అయిపోయింది, తప్పు కూడా దిద్దేశారు. ఇంక ఏం చేసుకోను?" నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. ఫిల్టర్ల డబ్బాల పక్కన నిలబడి అడిగాడు. "నాకింకా మంచి ఆలోచన వచ్చింది. డబ్బా మీద మీ పేరు వేద్దాం. పుస్తకం తయారుచేసినవారు, రెండుసార్లు ఛాంపియను అని. జనం నమ్ముతారు. ఆవిడ పేరెవరికి తెలుసు?"

ఒక్క క్షణం, ఒక్క క్షణమే, మాస్టారుకు ఆ మాట నచ్చింది. అంగడి అద్దం వెనక డబ్బా, డబ్బా మీద తన పేరు, దాన్ని చూస్తూ ఆగిన ఆ బ్యాంకు మేనేజరు. అది నచ్చినట్టు తనకు తెలిసిపోవడం మాత్రం నచ్చలేదు.

బావమరిది జేబులోంచి రెండు ఫారాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ప్రెస్సువాళ్లవి. రెండూ ఒకటే, చెడిపోతే ఇంకోటి ఉంటుందని. పేరు మీ చేత్తోనే విడివిడి అక్షరాల్లో రాయండి. అందులో ఎలా ఉంటే డబ్బా మీద అలాగే పడుతుంది, వాళ్లు ఒక్క ముక్క మార్చరు. రాసి డ్రైవరుకివ్వండి, కింద ఉంటాడు. నేను డీలరు దగ్గరికి వెళ్తున్నా. అక్కతో చెప్పండి, సంతోషిస్తుంది."

మెట్ల మీద అతని బూట్ల చప్పుడు తగ్గిపోయింది. ఇంజనీరు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెరవైపు తిరిగిపోయాడు. కిటికీ దగ్గర బల్ల ఖాళీ అయింది. ఆవిడ స్కేలును సంచిలో నిలువుగా పెట్టుకుంటోంది. సోమవారం నుంచి మందుల కంపెనీలో పనట. సీసాల మీది చీటీలు చదవాలిట. అక్షరాలు ఇంకా చిన్నవి, తప్పులు ఇంకా పెద్దవి అని ఇంజనీరుతో అంటుండగా మాస్టారు విన్నారు.

ఆయన కూర్చుని ఫారం ముందుకు లాక్కున్నారు. పైన బల్ల పేరు అచ్చు వేసి ఉంది. దాని కింద 'ప్రారంభపు ఎత్తుల పుస్తకం తయారుచేసినవారు' అని ఉంది. దాని పక్కన ఖాళీ గళ్లు, అక్షరానికో గడి. కలం మూత తీశారు. తన పేరు రాయకూడదన్నంతవరకు ఆయనకు స్పష్టంగా ఉంది. కలం మొదటి గడి మీద ఆనించి, అక్కడ ఆగిపోయారు.

ఆవిడ పేరు ఆయనకు తెలియదు.

నాలుగు నెలలు. ఒకే గది. ఎన్నడూ అడగలేదు. ఏమ్మా అని పిలిస్తే పలికింది. గులాబీరంగు చీటీల కింద సంతకం ఉండే ఉంటుంది, చూడలేదు. భార్యకు తెలిసి ఉంటుంది, పక్కన కూర్చుని అన్నం తింది కదా. ఇంజనీరుకు తెలిసి ఉంటుంది. వాళ్లనెవరినైనా చాటుగా అడగొచ్చని మాస్టారుకు తోచింది. తోచినందుకు తనంటేనే రోత పుట్టింది.

ఆయన లేచి నిలబడ్డారు.

"అమ్మా," అన్నారు. "మీ పేరు చెప్పండి."

ఆవిడ సంచి భుజాన వేసుకోబోతూ ఆగింది. "ఎందుకండీ?"

"ఇక్కడ రాయాలి. నాకు తెలియదు."

ఆవిడ సంచి దించి, బల్ల దగ్గరికి వచ్చింది. ఫారాన్ని పైనుంచి కిందిదాకా, వెనక తిప్పి అక్కడ ఉన్న సన్న అక్షరాలు కూడా, తొందర లేకుండా చదివింది. చదివి, మాస్టారు మొహంలోకి చూసింది. తర్వాత తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది.

మాస్టారు ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాశారు. ఆవిడ వంగి చూసింది.

"దీర్ఘం లేదండీ అక్కడ. పొట్టిదే."

ఆయన దీర్ఘాన్ని కొట్టేశారు.

"అలా కాదు. కొట్టివేత ఉంటే వాళ్లకు అర్థం కాదు, దీర్ఘమే వేస్తారు." ఆవిడ రెండో ఫారం తీసి ఆయన ముందు పెట్టింది. "మళ్లీ రాయండి."

ఆయన మళ్లీ రాశారు. ఈసారి మెల్లగా, పలక మీద దిద్దుతున్నట్టు, కలం ఎత్తినప్పుడల్లా ఆవిడ వైపు చూసి రాశారు. అయ్యాక కాగితాన్ని ఆవిడ వైపు తిప్పారు. ఆవిడ చూపుడువేలు మొదటి గడి మీద పెట్టి, ఒక్కో అక్షరం మీదుగా జరిపి, చివరిదాకా వెళ్లి, తిరిగి మొదటికి వచ్చి ఇంకోసారి జరిపింది.

"ఇప్పుడు పంపొచ్చు," అంది.

మాస్టారు ఫారం పట్టుకుని, డ్రైవరు దగ్గరికి తానే మెట్లు దిగి వెళ్లారు.